విండోస్ రిపేర్ లూప్‌లో పడింది, షాపులో ఫార్మాట్ అంటున్నారు. సీ డ్రైవ్ పోకుండా దారి ఉందా?

కావలి_డీటీపీ

అందరికీ నమస్కారం. కావలిలో డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, స్కూళ్ల క్వశ్చన్ పేపర్లు, అన్నీ పేజ్‌మేకర్ 7లో అను ఫాంట్లతో చేసేవే. సిస్టమ్ ఐ5 నాలుగో తరం, 8 జీబీ ర్యామ్, 500 జీబీ మామూలు హార్డ్ డిస్క్, విండోస్ 10. అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోయింది, యూపీఎస్ బ్యాటరీ కూడా నిలబడలేదు. అప్పటినుంచి ఎప్పుడు ఆన్ చేసినా "ప్రిపేరింగ్ ఆటోమేటిక్ రిపేర్" అని వస్తుంది, కాసేపు గుండ్రంగా తిరుగుతుంది, రిపేర్ చేయలేకపోయాం అని నీలం తెర చూపిస్తుంది, మళ్లీ మొదటికే.

ఇక్కడ ఒక షాపులో చూపిస్తే, ఫార్మాట్ కొట్టాలి, సీ డ్రైవ్ పోద్ది, డీ డ్రైవ్ ఉంటుంది, రేపు ఇచ్చేస్తాం అన్నారు. నేను ఒప్పుకోకుండా తెచ్చేసుకున్నాను. నా ఫైళ్లలో సగం డెస్క్‌టాప్ మీదే ఉన్నాయి. మా బావ రొయ్యల మేత దుకాణం టాలీ లెక్కలు కూడా ఇందులోనే చేస్తాం, అవీ సీ లోనే. ముహూర్తాలు దగ్గర పడుతున్నాయి, పాత శుభలేఖ మోడళ్లన్నీ పోతే మళ్లీ కూర్చుని కొట్టాలి. ఏమీ పోకుండా బాగుచేసుకునే దారి ఉందా? పనిలో పనిగా 11కి మార్చేయొచ్చా?

ఒంగోలు_సర్వీసు

అన్నా, ముందు ఆ సిస్టమ్ ఆపెయ్. ఈసారన్నా వస్తుందేమో అని మళ్లీ మళ్లీ ఆన్ చేయొద్దు. ఆన్ చేసిన ప్రతిసారీ ఆ ఆటోమేటిక్ రిపేర్ డిస్క్ మీద ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది. విండోస్ పాడైతే మళ్లీ వేసుకోవచ్చు, ఫైలు పోతే ఎవడూ తెచ్చివ్వలేడు. కాబట్టి వరుస ఇది: మొదట డేటా బయటికి, తర్వాత డిస్క్ ఆరోగ్యం, చివర్న విండోస్. చాలా షాపుల్లో ఇది తలకిందులుగా జరుగుతుంది, ఎందుకంటే ఫార్మాట్ గంటలో అయిపోయే పని, డేటా తీయడం పూట పట్టే పని.

ఇంకోటి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ ఇవన్నీ ఉండేది సీ డ్రైవ్‌లో, యూజర్స్ అనే ఫోల్డర్‌లో నీ పేరు కింద. సీ పోతుంది, డీ ఉంటుంది అని వాళ్లు చెప్తే చాలామంది సరే అంటారు, డెస్క్‌టాప్ కూడా సీ లోనే ఉందని తెలియక. నువ్వు తెచ్చేసుకోవడం మంచిదైంది.

ఒకటి చెప్పు. ఈ లూప్ మొదలవక ముందు సిస్టమ్ ఎట్టా ఉండేది? ఫైలు తెరిచేటప్పుడు కాసేపు బిగుసుకుపోయేదా, డిస్క్ నుంచి టిక్కుటిక్కుమని శబ్దం వచ్చేదా?

వేదాయపాలెం_కుర్రోడు

ఇంత కంగారు ఎందుకు, బూటబుల్ పెన్‌డ్రైవ్ పెట్టి కమాండ్ ప్రాంప్ట్‌లో చెక్‌డిస్క్ స్లాష్ ఆర్ కొట్టండి. మా ఇంట్లో సిస్టమ్ ఇట్టాగే లూప్‌లో పడితే దాంతోనే లేచింది.

ఒంగోలు_సర్వీసు

తమ్ముడూ, డిస్క్ బాగున్నప్పుడు అది పనికొచ్చే కమాండే. డిస్క్ చెడిపోతుంటే మాత్రం అదే ప్రాణం తీస్తుంది. స్లాష్ ఆర్ అంటే డిస్క్ మొత్తం ఒక్కో సెక్టారూ (డిస్క్‌లో డేటా ఉండే చిన్న గడి) చదువుతుంది, చదవలేని చోట మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. అసలే నీరసంగా ఉన్న డిస్క్‌ని గంటల తరబడి గట్టిగా పని చేయించినట్టు. పైగా చెక్‌డిస్క్ ఉన్నది ఫైల్ సిస్టమ్ లెక్క సరిచేయడానికి, నీ ఫైళ్లు కాపాడటానికి కాదు. లెక్క కుదరని ఫైలు ముక్కల్ని తీసి ఫౌండ్ డాట్ 000 అనే ఫోల్డర్‌లో పడేస్తుంది, పేర్లు కూడా ఉండవు. కాపీ చేతిలో ఉన్నాక ఎన్నిసార్లయినా కొట్టుకో, కాపీ లేకుండా మాత్రం వద్దు.

కావలి_డీటీపీ

శబ్దం అయితే లేదన్నా. కానీ కొన్ని నెలలుగా పేజ్‌మేకర్ ఫైలు సేవ్ కొడితే తెర తెల్లబడి కాసేపాగి వచ్చేది. ర్యామ్ చాలడం లేదేమో అనుకున్నాను.

ఒంగోలు_సర్వీసు

అది డిస్క్ లక్షణమే అయి ఉంటుంది. 8 జీబీ పేజ్‌మేకర్‌కి ఎక్కువే.

గూడూరు_పెంగ్విన్

అన్నా, విండోస్ లేవకపోయినా డిస్క్‌లో ఫైళ్లు చూడొచ్చు. వేరే కంప్యూటర్‌లో లైనక్స్ మింట్ (విండోస్ లాంటి ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్, ఉచితం) ఐఎస్‌ఓ, అంటే దాని సెటప్ ఫైలు, దించుకుని, 8 జీబీ పెన్‌డ్రైవ్‌కి రూఫస్‌తోనో బలేనా ఎచర్‌తోనో రాయండి. దాంతో మీ సిస్టమ్ బూట్ చేస్తే ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ మీద నుంచే పూర్తి డెస్క్‌టాప్ వస్తుంది. తెర మీద "ఇన్‌స్టాల్ లైనక్స్ మింట్" అని ఒక ఐకాన్ ఉంటుంది, దాన్ని మాత్రం ముట్టుకోవద్దు. ఫైల్స్ తెరిస్తే ఎడమ పక్కన మీ డిస్క్ పార్టిషన్లు (విండోస్‌లో సీ, డీ అన్నవి) కనిపిస్తాయి, లోపలికి వెళ్లి యూజర్స్ ఫోల్డర్‌ని బయటి హార్డ్ డిస్క్‌కి కాపీ చేసుకోవడమే.

రెండు చోట్ల జనం ఆగిపోతారు. ఒకటి, విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా అది సగం నిద్రలోనే ఉంటుంది, అప్పుడు లైనక్స్ ఆ పార్టిషన్‌ని రాయడానికి తెరవను అంటుంది. పర్లేదు, చదవడానికి మాత్రమే తెరిస్తే చాలు, మనకు కావలసిందీ అదే, పొరపాటున కూడా ఏమీ మారదు. రెండోది, కాపీ పెట్టుకునే పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ కంటే పెద్ద ఫైలు ఎక్కదు. పెళ్లి వీడియోలు, అవుట్‌లుక్ మెయిల్ ఫైళ్లు అక్కడే ఆగుతాయి. ఎక్స్‌ఫ్యాట్‌గానో ఎన్‌టీఎఫ్‌ఎస్‌గానో ఉన్న డిస్క్ వాడండి.

అదే మింట్‌లో డిస్క్స్ అనే ప్రోగ్రామ్ ఉంటుంది. అందులో మీ హార్డ్ డిస్క్ ఎంచుకుని మెనూలో స్మార్ట్ డేటా (డిస్క్ తన ఆరోగ్యం గురించి రాసుకునే లెక్క) తెరవండి. రీఅలొకేటెడ్ సెక్టార్లు (చెడిపోతే బదులు వేరేవి వాడినవి), కరెంట్ పెండింగ్ సెక్టార్లు (చదవడానికి మొరాయిస్తున్నవి) అనే రెండు వరుసల్లో సున్నా కాకుండా ఏముందో ఇక్కడ రాయండి. కాపీ మొదలుపెట్టే ముందే చూడండి, ఆ అంకెను బట్టే మిగతాదంతా.

చీమకుర్తి_ఖాతాలు

టాలీ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, నేను ఇక్కడ గ్రానైట్ ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. యూజర్స్‌లో మీ పేరున్న ఫోల్డర్ ఒక్కటే కాపీ చేసేసి అంతా వచ్చేసింది అనుకోవద్దు సార్. టాలీ డేటా చాలా సిస్టమ్స్‌లో యూజర్స్ కింద మీ పేరులో ఉండదు, అక్కడే పక్కనున్న పబ్లిక్ అనే ఫోల్డర్‌లో టాలీప్రైమ్ కింద డేటా అని ఉంటుంది, లేదంటే నేరుగా సీ డ్రైవ్‌లో టాలీ పేరుతో ఉన్న ఫోల్డర్‌లో ఉంటుంది. లోపల కంపెనీ పేరు కనపడదు, 10000, 10001 అని నెంబర్లతో ఫోల్డర్లుంటాయి, అవే మీ కంపెనీలు. ఆ డేటా ఫోల్డర్ మొత్తం ఎత్తుకోండి. టాలీ సీరియల్ నెంబరు, లైసెన్సుకి తగిలించిన మెయిల్ ఐడీ రెండూ కాగితం మీద రాసి పెట్టుకోండి. సిస్టమ్ నడుస్తుంటే ఫార్మాట్‌కి ముందు లైసెన్స్ సరెండర్ చేయడం పద్ధతి. మీది లేవడం లేదు కాబట్టి తర్వాత ఆ మెయిల్‌తోనే మళ్లీ యాక్టివేట్ చేసుకోవాలి.

జీఎస్‌టీకి డిజిటల్ సంతకం టోకెన్ వాడుతుంటే దాని గురించి భయం అక్కర్లేదు, సంతకం టోకెన్ లోపలే ఉంటుంది, డ్రైవర్ మళ్లీ వేసుకుంటే చాలు.

దర్శి_స్టూడియో

డీటీపీ అన్నకు నాదొక మాట. సీ డ్రైవ్ విండోస్ ఫోల్డర్ లోపల ఫాంట్స్ ఫోల్డర్ ఉంటుంది, అది కూడా మొత్తం కాపీ చేసుకోండి. మనం ఏళ్ల తరబడి అక్కడా ఇక్కడా ఏరుకొచ్చి వేసుకున్న ఫాంట్లు మళ్లీ దొరకవు. ఫైలు భద్రంగా ఉన్నా ఆ ఫాంట్ లేకపోతే శుభలేఖ తెరవగానే అర్థంకాని గుర్తులు వస్తాయి. అను స్క్రిప్ట్ మేనేజర్ సెటప్ సీడీ కూడా వెతికి పక్కన పెట్టుకోండి. ఇంకా, పేజ్‌మేకర్‌లో బొమ్మలు లింకుగా పెట్టి ఉంటే అవి ఏ డ్రైవ్‌లో ఏ ఫోల్డర్‌లో ఉన్నాయో అదే దారిలో మళ్లీ ఉండాలి. డీ డ్రైవ్ ఈ డ్రైవ్‌గా మారితే వినాయకుడి బొమ్మ ఎక్కడుందో చూపించమని ప్రతి కార్డుకీ అడుగుతుంది.

కావలి_డీటీపీ

గూడూరు అన్న చెప్పినట్టే చేశాను. మింట్ లేచింది, నా డెస్క్‌టాప్ ఫోల్డర్ కనపడగానే సగం టెన్షన్ పోయింది. స్మార్ట్‌లో రీఅలొకేటెడ్ 48, పెండింగ్ 112 అని ఉంది. తమాషా ఏందంటే పైన మాత్రం డిస్క్ ఓకే అని, పక్కన కొన్ని బ్యాడ్ సెక్టార్లు అని చూపిస్తుంది. టాలీ ఫోల్డర్ దొరికింది, పబ్లిక్‌లోనే, దాన్ని మాత్రం ముందు పెన్‌డ్రైవ్‌కి ఎక్కించాను, తప్పు లేకుండా ఎక్కింది. డెస్క్‌టాప్ కాపీ పెడితే కొంత దూరం వెళ్లి "ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్" అని ఆగింది. ఆపేశాను. ఇప్పుడేం చేయాలి?

ఒంగోలు_సర్వీసు

ఆపడం సరైన పని. పెండింగ్ 112 అంటే చదవడానికి మొరాయిస్తున్న సెక్టార్లు అన్ని ఉన్నాయని. అంటే రోగం కరెంటు పోవడంతో మొదలైంది కాదు, డిస్క్ ముందునుంచే పోతోంది, కరెంటు కోత దాన్ని బయటపెట్టింది. దీని మీద ఇక విండోస్ వేయడం దండగ. ఎవరన్నా ఇదే డిస్క్‌ని ఫార్మాట్ కొట్టి ఇచ్చుంటే కొన్నాళ్లు నడిచి మళ్లీ ఇదే తెర వచ్చేది.

ఇప్పుడు ఒక్కో ఫోల్డర్ కాపీ చేయకూడదు. డిస్క్ మొత్తాన్ని ఉన్నది ఉన్నట్టు కొత్త డిస్క్‌కి దించాలి, ఆ తర్వాత పాతదాన్ని ఊడదీసి పక్కన పెట్టి, ఏ రిపేర్ అయినా కొత్తదాని మీదే చేయాలి. దీనికి డీడీరెస్క్యూ అని ఉంది, గ్నూ వాళ్ల ప్రోగ్రామ్. మింట్‌లో నెట్ కనెక్ట్ చేసి జీడీడీరెస్క్యూ పేరుతో వేసుకోవచ్చు. మామూలు క్లోనింగ్ సాఫ్ట్‌వేర్లు చాలావాటికి చెడ్డ సెక్టార్ తగిలితే అక్కడే ఆగిపోయే అలవాటు. ఇది ఆగదు. మొదటి దఫాలో సులువుగా వచ్చేదంతా లాగేస్తుంది, మొరాయించిన చోట్లు వదిలేసి ముందుకు పోతుంది, ఏది వచ్చింది ఏది రాలేదు అన్నది మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది. తర్వాత ఆ మిగిలిన చోట్లకే తిరిగి వెళ్తుంది. మధ్యలో కరెంటు పోయినా మ్యాప్ ఫైల్ ఉంటే ఆగిన చోటి నుంచే ఎత్తుకుంటుంది. అందుకే మ్యాప్ ఫైల్‌ని వేరే పెన్‌డ్రైవ్ మీద పెట్టు. లైవ్ మింట్ డెస్క్‌టాప్ మీద పెడితే కరెంటు పోగానే అదీ పోతుంది.

జాగ్రత్త ఒక్కచోటే. మొదట రాసేది పాత డిస్క్, రెండోది కొత్త డిస్క్. తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి నీ డేటా మీద కూర్చుంటుంది. డిస్క్స్ ప్రోగ్రామ్‌లో మోడల్ నెంబరూ సీరియల్ నెంబరూ చూసి, ఏది ఎస్‌డీఏ ఏది ఎస్‌డీబీ (లైనక్స్ డిస్క్‌లకు పెట్టే పేర్లు) అన్నది కాగితం మీద రాసుకుని, ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టి చదివించి, అప్పుడు ఎంటర్ కొట్టు.

దర్శి_స్టూడియో

ఆ కొత్త డిస్క్‌గా ఎస్‌ఎస్‌డీ (లోపల తిరిగే పళ్లెం లేని డిస్క్) కొనేటప్పుడు సైజు చూసుకోండి. షాపులో అడిగితే 480 జీబీ చేతిలో పెడతారు, 500కి దాదాపు అంతే కదా అని. అంతే కాదు. మీ 500 జీబీ డిస్క్‌లో 500,107,862,016 బైట్లు ఉంటాయి, 480 దానికి చాలదు, చివరి పార్టిషన్ తెగిపోతుంది. 512 అయితే నిక్షేపంగా పడుతుంది. బాగున్న డిస్క్ అయితే పార్టిషన్ కుదించి చిన్నదానికి మార్చుకోవచ్చు, చెడిపోతున్న డిస్క్ మీద కుదించే పని పెట్టుకోకూడదు.

వేదాయపాలెం_కుర్రోడు

పెండింగ్ 112 అని చూశాక నా మాట వెనక్కి తీసుకుంటున్నా. మా ఇంట్లోది డిస్క్ బాగుండి ఫైల్ సిస్టమ్ ఒక్కటే చెడినట్టుంది.

మార్కాపురం_టీచర్

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. నాది కొత్త ల్యాప్‌టాప్, విండోస్ 11. బయోస్ అప్‌డేట్ అని వస్తే ఓకే కొట్టాను, తిరిగి ఆన్ అయ్యాక నీలం తెర మీద బిట్‌లాకర్ రికవరీ కీ అని 48 అంకెలు అడుగుతోంది. నేను ఎప్పుడూ అలాంటి తాళం వేయలేదు. పదో తరగతి పిల్లల మార్కులు, ప్రాజెక్టులు అన్నీ అందులోనే. నాకు కూడా మింట్ పెన్‌డ్రైవ్ పనికొస్తుందా?

గూడూరు_పెంగ్విన్

మేడమ్, మీ విషయం వేరు. బిట్‌లాకర్ ఉన్న డిస్క్ కీ లేకుండా లైనక్స్‌లోనూ తెరుచుకోదు. కంగారుపడి రీసెట్ మాత్రం చేయకండి. మీరు వేయకపోయినా, కొత్త ల్యాప్‌టాప్‌ల్లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో మొదటిసారి లాగిన్ అవగానే డివైస్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవుతుంది, కీ ఆ అకౌంట్‌లోనే దాచిపెడుతుంది. ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ సైట్ తెరిచి లాగిన్ అయి, డివైసెస్‌లో మీ ల్యాప్‌టాప్ పేరు కింద బిట్‌లాకర్ కీలు చూడండి. నీలం తెర మీద కీ ఐడీ అని ఒకటి కనిపిస్తుంది, దాని మొదటి 8 అక్షరాలు సైట్‌లో ఉన్న ఐడీతో సరిపోతే పక్కనున్న 48 అంకెలే మీ కీ.

మీ అకౌంట్‌లో కనపడకపోతే, ల్యాప్‌టాప్ మొదటిరోజు ఎవరి మెయిల్‌తో పెట్టారో గుర్తు తెచ్చుకోండి. చాలా ఇళ్లలో అది పిల్లల మెయిలో, మరిది గారి మెయిలో అయి ఉంటుంది.

మార్కాపురం_టీచర్

దొరికింది! మా అబ్బాయి మెయిల్‌లో ఉంది. వాడు హైదరాబాద్ నుంచి ఫోన్‌లో చదువుతుంటే కొట్టాను, తెరుచుకుంది. చాలా థాంక్స్ అండీ.

పాలిటెక్నిక్_ల్యాబ్_నెల్లూరు

మేడమ్, ఇప్పుడే ఆ కీ ప్రింట్ తీసి బీరువాలో పెట్టుకోండి. ఆ కీ పోతే మైక్రోసాఫ్ట్ వాళ్లు కూడా తెచ్చివ్వలేరు. ఈసారి బయోస్ అప్‌డేట్‌కి ముందు కంట్రోల్ ప్యానెల్‌లో బిట్‌లాకర్ దగ్గర సస్పెండ్ నొక్కండి. హోమ్ ఎడిషన్‌లో ఆ మీట ఉండదు, కాబట్టి కీ దగ్గర పెట్టుకునే మొదలుపెట్టండి. టీపీఎం చిప్ బూట్ అయ్యే తీరు మారిందా లేదా అని గమనిస్తుంటుంది, బయోస్ మారితే ఎవరో చెయ్యి పెట్టారనుకుని తాళం అడుగుతుంది. అది దాని డ్యూటీ.

అట్టాగే ఇంకో విషయం, డెస్క్‌టాప్ వన్‌డ్రైవ్‌లోకి (మైక్రోసాఫ్ట్ వాళ్ల నెట్ నిల్వ) మారి ఉందేమో చూడండి. ఫైలు పక్కన మబ్బు గుర్తుంటే అది మీ డిస్క్‌లో లేదు, నెట్‌లో ఉంది, ఇక్కడున్నది పేరు మాత్రమే. అలాంటి ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌కి ఎక్కించి బ్యాకప్ అయింది అనుకుని ఫార్మాట్ కొట్టించుకున్నవాళ్లు ఉన్నారు.

కనిగిరి_నెట్‌సెంటర్

మా దగ్గర అయితే ఫార్మాట్ కొట్టేశారు కూడా. డిస్క్ మొత్తం ఒకే సీ డ్రైవ్, పాత హార్డ్ డిస్కే, ఎస్‌ఎస్‌డీ కాదు. పైన కొత్త విండోస్ వేసిచ్చారు. ఫొటోలు వస్తాయా?

ఒంగోలు_సర్వీసు

అది హార్డ్ డిస్క్ కావడం మీ అదృష్టం. క్విక్ ఫార్మాట్ ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టికను చెరుపుతుంది గానీ ఫొటోలున్న చోటును తుడవదు. కానీ కొత్త విండోస్ కూర్చున్నంత మేర పోయినట్టే, ఇప్పుడు దాన్ని వాడేకొద్దీ ఇంకా పోతుంటుంది. వెంటనే ఆపి, డిస్క్ తీసి వేరే సిస్టమ్‌కి తగిలించి ఫొటోరెక్ నడపండి, వచ్చినవాటిని వేరే డిస్క్‌లో సేవ్ చేయండి. పేర్లు, ఫోల్డర్లు రావు, ఫొటోలు వస్తాయి. అదే ఎస్‌ఎస్‌డీ అయితే ట్రిమ్ అనే పద్ధతి వల్ల ఫార్మాట్ అయిన చోటును అదే శుభ్రం చేసేస్తుంది, దాదాపు ఏమీ మిగలదు.

కావలి_డీటీపీ

512 ఎస్‌ఎస్‌డీ తెచ్చాను. రెండో సాటా పోర్టుకి పెట్టి డీడీరెస్క్యూ పెట్టాను, మా బావని పక్కన కూర్చోబెట్టి సీరియల్ నెంబర్లు చదివించాకే ఎంటర్ కొట్టాను. మొదటి దఫా సాఫీగా పోయింది, మధ్యమధ్య బాగా నెమ్మదించింది. రాత్రంతా వదిలేశాను. చివరికి 99.99 శాతం రెస్క్యూడ్ అని, చదవలేనిది 40 కేబీ చిల్లర అని చూపించింది. పాతది ఊడదీసి కవర్‌లో పెట్టి తేదీ రాసి ఉంచాను. కొత్తదానితో ఆన్ చేస్తే మళ్లీ అదే ఆటోమేటిక్ రిపేర్ లూప్, కానీ ఇప్పుడు భయం లేదు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, ఫాంట్స్ అన్నీ మింట్‌లోంచి బయటి డిస్క్‌కి కూడా ఎక్కించాను, ఈసారి ఎక్కడా ఎర్రర్ రాలేదు. తర్వాతేంది?

పాలిటెక్నిక్_ల్యాబ్_నెల్లూరు

భేష్. పాతదాన్ని ముందే ఊడదీయడం కూడా మంచి పనే, రెండు డిస్క్‌లూ ఒకే గుర్తింపుతో ఉంటే విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్ చేసేస్తుంది.

ఇప్పుడు ధైర్యంగా రిపేర్ చేసుకోవచ్చు. ఆ నీలం తెరలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, ట్రబుల్‌షూట్ వరుసలో వెళ్తే అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ అని ఉంటుంది. మీది అప్‌డేట్ మధ్యలో ఆగింది కాబట్టి ముందు లేటెస్ట్ క్వాలిటీ అప్‌డేట్ తీసేయమనండి. కుదరకపోతే అక్కడే కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. రిపేర్ తెరలో డ్రైవ్ అక్షరాలు మారిపోతాయి, మీ సీ అక్కడ డీ అయి ఉండొచ్చు. కమాండ్ ప్రాంప్ట్‌లో నోట్‌ప్యాడ్ అని కొట్టి, ఫైల్ మెనూలో ఓపెన్ నొక్కితే డ్రైవ్‌లన్నీ కనిపిస్తాయి, విండోస్, యూజర్స్ ఫోల్డర్లు దేంట్లో ఉన్నాయో చూసుకోండి. ఆ అక్షరం పెట్టి డిస్మ్ కమాండ్‌లో రివర్ట్ పెండింగ్ యాక్షన్స్ వాడితే, సగంలో ఉన్న అప్‌డేట్ పనులు వెనక్కి తిరుగుతాయి. ఆ తర్వాత చెక్‌డిస్క్ స్లాష్ ఎఫ్ (ఫైల్ సిస్టమ్ తప్పులు సరిచేసేది), ఆపైన ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ (పాడైన విండోస్ ఫైళ్లు సరిచేసేది) ఆఫ్‌లైన్ పద్ధతిలో. వేదాయపాలెం తమ్ముడు చెప్పిన చెక్‌డిస్క్‌కి ఇప్పుడు వేళయింది.

డెస్క్‌టాప్ వచ్చాక అసలు పని ఉంది. మీకు 40 కేబీ పోయింది, అది ఖాళీ జాగాలో పోయిందో విండోస్ ఫైల్లో పోయిందో తెలియదు. అందుకని విండోస్‌ని దాని మీద అదే మళ్లీ వేయాలి, ఇన్‌ప్లేస్ అంటారు. చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి ఇన్‌స్టాల్ చేస్తే అప్‌గ్రేడ్ పనిచేయదు, కస్టమ్ ఒక్కటే మిగులుతుంది, ప్రోగ్రాములు పోతాయి. అలా కాకుండా నడుస్తున్న విండోస్ లోపలే ఐఎస్‌ఓ మీద డబుల్ క్లిక్ చేసి, అందులో సెటప్ నడపాలి. "కీప్ పర్సనల్ ఫైల్స్ అండ్ యాప్స్" అన్నది ఎంచుకునే వీలుంటేనే ముందుకు వెళ్లండి. అది మసగ్గా ఉందంటే ఎడిషన్‌లోనో భాషలోనో తేడా ఉన్నట్టు. ఇంగ్లిష్ యునైటెడ్ స్టేట్స్, ఇంగ్లిష్ ఇంటర్నేషనల్ అని రెండు ఐఎస్‌ఓలు ఉంటాయి, మీది ఏదో అదే కావాలి. కనీసం 20 జీబీ ఖాళీ ఉంచండి. యూపీఎస్ బ్యాటరీ మార్చాకే మొదలుపెట్టండి.

ఆత్మకూరు_స్కూల్

మా స్కూల్లో పాత సిస్టమ్స్‌లో విండోస్ 7 32 బిట్ ఉంది. వాటికీ ఇలా ఏమీ పోకుండా 64 బిట్ చేయొచ్చా సార్?

పాలిటెక్నిక్_ల్యాబ్_నెల్లూరు

32 నుంచి 64కి ఇన్‌ప్లేస్ లేదండీ, ప్రోగ్రాములు మళ్లీ వేసుకోవాల్సిందే. ఫైళ్లు మాత్రం ఉంచుకోవచ్చు. బయట కాపీ తీసుకున్నాకే, పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, కస్టమ్‌లో అదే పార్టిషన్ ఎంచుకోండి, ఫార్మాట్, డిలీట్ రెండూ నొక్కకండి. పాత విండోస్, యూజర్స్, ప్రోగ్రామ్ ఫైల్స్ మొత్తం విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్‌లోకి వెళ్తాయి. అందులోంచి వెంటనే తీసేసుకోండి, కొన్నాళ్లకు విండోస్ దాన్ని తనే చెరిపేస్తుంది. 7కి సపోర్ట్ 2020 జనవరి 14నే ఆగిపోయింది, 7 కీతో 10ని ఉచితంగా యాక్టివేట్ చేసే దారి కూడా 2023లో మూసేశారు, కాబట్టి లైసెన్స్ ఖర్చు లెక్కేసుకోండి. అది కుదరని సిస్టమ్స్‌కి లైనక్స్ మింట్ వేసి పిల్లలకు ఇవ్వండి, టైపింగ్‌కీ బ్రౌజర్‌కీ హాయిగా సరిపోతుంది.

కావలి_డీటీపీ

లేచింది!! అప్‌డేట్ తీసేయడం కుదరలేదు గానీ రివర్ట్ పెండింగ్ యాక్షన్స్ తర్వాత రీస్టార్ట్ చేస్తే నా డెస్క్‌టాప్ వచ్చింది, ఐకాన్లు పెట్టిన చోటే ఉన్నాయి. కొత్త బ్యాటరీ వేసి ఇన్‌ప్లేస్ కూడా చేశాను. మొదట ఇంటర్నేషనల్ ఐఎస్‌ఓ దించితే ల్యాబ్ మాస్టారు చెప్పినట్టే యాప్స్ దగ్గర మసగ్గా ఉంది, యునైటెడ్ స్టేట్స్‌ది దించితే తెరుచుకుంది. పేజ్‌మేకర్, అను రెండూ నడుస్తున్నాయి, వినాయకుడి బొమ్మలు కూడా అడక్కుండా వచ్చాయి. టాలీ ఎడ్యుకేషనల్ మోడ్‌లోకి (లైసెన్స్ లేనప్పుడు వచ్చేది) పోయింది, బావ మెయిల్‌తో మళ్లీ యాక్టివేట్ చేశాం, లెక్కలు చివరి బిల్లు దాకా ఉన్నాయి. ఒక్క పాత కరపత్రం ఫైలు తెరవడం లేదు, ఆ 40 కేబీ దాని వాటా అయి ఉంటుంది. అందరికీ చేతులెత్తి దండం.

ఇక 11 సంగతి చెప్పండి. మా షాపు పక్కనున్న అబ్బయ్య ఏదో ట్రిక్‌తో వేసిస్తానంటున్నాడు.

పాలిటెక్నిక్_ల్యాబ్_నెల్లూరు

చాలా సంతోషం. 11కి టీపీఎం 2.0, సెక్యూర్ బూట్, ఇంటెల్‌లో అయితే ఎనిమిదో తరం నుంచి కావాలి. మీది నాలుగో తరం. ట్రిక్‌తో ఎక్కుతుంది, కాదనను, కానీ అలా వేసినవాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ ఇవ్వం అని మైక్రోసాఫ్ట్ వాళ్లే రాశారు. పొట్టకూటి సిస్టమ్ మీద ఆ ప్రయోగం వద్దు. 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ముగిసింది, ఈఎస్‌యూ (సపోర్ట్ ముగిశాక కూడా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చేది) పథకంలో చేరితే 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. 10లో చివరిదైన 22హెచ్2 వెర్షన్ ఉండాలి, సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఎన్‌రోల్ అని ఉంటుంది, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ సింక్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు. ఈలోపు కొత్త సిస్టమ్‌కి డబ్బు కూడబెట్టుకుని, నెట్‌తో పనిని దానికి మార్చండి. దీన్ని నెట్ తీసేసి పేజ్‌మేకర్‌కే ఉంచుకుంటే ఇంకా చాలాకాలం అన్నం పెడుతుంది.

చీమకుర్తి_ఖాతాలు

టాలీకి రోజూ సాయంత్రం షాపు మూసేముందు బ్యాకప్ కొట్టి పెన్‌డ్రైవ్ బావగారి ఇంటికి పంపించండి. షాపులోనే ఉంచితే నీళ్లొచ్చినా దొంగొచ్చినా రెండూ ఒకేసారి పోతాయి.

కావలి_డీటీపీ

అట్టాగే సార్, ఇవాళ్టి నుంచే మొదలుపెడతాను. మాస్టారూ, ఆఖరిగా ఒకటి. కవర్‌లో పెట్టిన పాత డిస్క్ ఏం చేయమంటారు? స్క్రాప్‌కి అడుగుతున్నారు.

ఒంగోలు_సర్వీసు

ఇప్పుడే ఇవ్వకు. తెరవని ఫైళ్లు ఇంకేవన్నా ఉంటే ఈ సీజన్ పనిలో బయటపడతాయి, అప్పటిదాకా ఉంచు. ఇచ్చేటప్పుడు మాత్రం విప్పి లోపలి పళ్లెం మీద గీతలు పెట్టో, డ్రిల్ వేసో ఇవ్వు. అందులో మీ బావ లెక్కలున్నాయి, జనం ఆధార్ జిరాక్సు స్కాన్లున్నాయి.